కాలి పట్టీ

పంచనామా రాసింది నేనే.
పంతొమ్మిదేండ్ల సంది స్టేషన్ రైటర్ని,
నా దస్తూరిని కోర్టుల గూడ మెచ్చుకుంటరు.

జిమ్ము సామాన్లు పాతెటందుకు గుంత తీస్తున్నరు,
హన్మకొండల, చెరువు దిక్కు చిన్న పార్కుల,
కాగితంపూల పొదల ఎనుక.
ఓదెలు గడ్డపారకు తగిలింది మొదలు రాయనుకున్నడట.
రాయి అట్ల మోగదు సారూ, అన్నడు.
అన్నంక పైపు దగ్గర మూడుసార్లు చేతులు కడుక్కున్నడు.

వేపచెట్టు నుంచి ఉయ్యాల స్తంభం దాక పసుపు రిబ్బను కట్టినం.
పొద్దటి వాకింగోళ్లు అది తగలకుంట దారి మార్చుకున్నరు.
నవ్వుల క్లబ్బోళ్లు అవతలి మూలకు పోయి
కొద్దిగ మెల్లగ నవ్విన్రు.
ఒక పెద్దమనిషి మాత్రం అడిగిండు:
జిమ్ము ఎప్పటికి తయారైతది?

కొలిచిన, రాసిన.
ప్రహరీ గోడకు ఉత్తరముగా తొమ్మిది అడుగులు.
లోతు మూడు అడుగుల రెండు అంగుళాలు.
పుర్రె ఒకటి. పక్కటెముకలు, విరిగినవి, పదకొండు.
ఎముకల రంగు
(ఇక్కడ కలం ఆగింది)
చాయ రంగు అని రాసి, కొట్టేసి, పొట్టి సంతకం పెట్టి
గోధుమ రంగు అని రాసిన.
ఎడమ మోకాలి దిగువన లోహపు పట్టీ ఒకటి కలదు.
పంచుల సమక్షమున. ఒక పంచు యాకయ్య,
గేటు ముంగట మిర్చి బండి,
సంతకం మీద నూనె మరక.

కలదు, అన్నది స్టేషన్ భాష.
ఇంట్ల ఎవ్వలం కలదు అనం.

తెల్లారి పేపర్ల, జిల్లా పేజీ, కింది మూలకు:
పార్కులో అస్థిపంజరం. కాలికి పట్టీ.
నా మాటే.
లోహం ఎక్కడనో రాలిపోయింది.

పదకొండు గంటలకు మొగిలమ్మ వచ్చింది,
రేగొండ అవతలి ఊరు, రెండు బస్సులు మారి.
కుర్చీ చూపిస్తే కూసోలే.
నడుం కాడి ముడి విప్పింది.
ముడిల రుమాలు, రుమాల్ల ప్లాస్టిక్ కవరు,
కవర్ల పట్టీ.
ఒక్కటే. వెండిది. కొండి దగ్గర అతుకు.

"కొండి ఊడితే అతకనిచ్చినం సారూ.
ఒంటి పట్టీతోనే పోయింది కాలేజికి.
నవ్వుతరే పిల్లా అంటే, నవ్వనీ అన్నది.
తొమ్మిదేండ్లు.
జత కలిపి చూడుండ్రి."

నా స్టాంపు ప్యాడు పక్కన పెట్టింది దాన్ని.

ఫోటో తీసి చూపించిన:
ఆరు బెజ్జాల స్టీలు ముక్క, ఐదు మరలు.
బొక్క ఇరిగితే ఆపరేషన్ల వేస్తరు గదమ్మా, అది.
మొగమనిషిది.
నలభై దాటినయంటున్నడు డాక్టరు.

ఫోటోను తిప్పి తిప్పి చూసింది.
ఏం లేని ఎనుక దిక్కు గూడ చూసింది.

"అయితే బతికున్నట్టేనా సారూ?"

మా కాగితాలల్ల ఎన్నో గడులుంటయ్.
ఎస్సై మేడం ఫోన్ పట్టుకొని బయటికి పోయింది,
ఫోన్ మోగలే.
ఇది మీ బిడ్డ కాదమ్మా, అన్న.
నాకు ఎర్క అంతవరకే.

అప్పుడు కూసున్నది.
సగం సీసా నీళ్లు తాగింది, కొంగుతోని మూతి తుడుసుకున్నది.
ఆ ఫోటోనే మళ్ల దగ్గరికి గుంజుకొని అడిగింది:
"మరి ఈయనకు ఎవలన్న వచ్చిన్రా?"
ఇంక రాలే.
"ఎట్లొస్తరు, పట్టీ అని రాస్తే?
ఆళ్లమ్మకు ఎట్ల తెలుస్తది?"

పేపరోళ్లకు కొత్త ప్రకటన రాసిన,
ఆమె ముంగటనే, చదివి వినిపిస్తూ:
ఎడమ కాలి ఎముకకు బిగించిన స్టీలు ప్లేటు. మగ.
కుంటి ఉండవచ్చు.
"ఉండవచ్చు కాదు," అన్నది, "కుంటుతడు.
మా ఊర్లె ఒకాయనకున్నది, చలికాలం నడవనే నడవడు."
కుంటి నడక, అని దిద్దిన.

జీరో టికెట్‌కు ఆధార్ ఉన్నదా అంటే
ఉన్నదని నడుం తట్టి చూపించింది.
పట్టీని ముడేసుకున్నది. కవరు టేబుల్ మీదనే మర్శింది.

మెట్లు దిగుతుంటే మోగింది.
ఎవలో ఆడపిల్ల వస్తున్నదని
సెంట్రీ తల తిప్పిండు.